తవిటయ్య పాతిన మేకు

అధ్యక్షులు అర్జునరావు గారికి, వేదిక మీది పెద్దలకు, వెనక గోడకానుకుని నిలబడ్డ మా డ్రిల్లింగ్ సెక్షన్ వాళ్లకు నమస్కారం. ఈ వీడ్కోలు సభలో ఇందాకటి నుంచి తవిటయ్య మావని అందరూ మెతక మనిషని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండుతోంది. మెతక మనిషి సున్నపురాయిలో మూడొందల అడుగుల బోరు దింపుతాడా? (నవ్వులు)

బోరులోంచి వచ్చిన పొడిని అరచేతిలో పోసుకుని నిమ్మచెక్క పిండేవాడు మావ. నురగొస్తే సున్నపురాయి, రాకపోతే మట్టి. ఐదేళ్ల కిందట, తొంభై ఎనిమిది వేసవిలో గని క్వార్టర్లకు నీళ్ల బోరు వెయ్యమన్నారు. అక్కడ రాతిపొరలు విరిగి, ఒక పక్క కిందికి జారిన చీలిక ఉంది. దానికి ఇరవై అడుగులు ఎగువన, బోరు వెయ్యాల్సిన చోటుకి గుర్తుగా మేకు పాతి, జ్వరమొచ్చిన కూతుర్ని చూడ్డానికి మావ రెండు రోజులు గాజువాక వెళ్లాడు. నేనేమో పాత పుస్తకాల కొట్లో కొన్న సగం చిరిగిన పుస్తకం చదివి, నీళ్లన్నీ చీలికలోనే పారతాయని, ఈయనకేం తెలుసని, మేకు పీకి సరిగ్గా చీలిక మీద పాతాను. కొబ్బరికాయ కూడా నేనే కొట్టాను.

చుక్క నీరు లేదు. ఎర్రటి బంకమట్టి వచ్చింది. మావ తిరిగొచ్చి నిమ్మచెక్క పిండాడు, నురగ లేదు.

"రెండు పక్కల రాయీ రాసుకుని మజ్జిన పిండైపోద్దిరా. దాన్లో మట్టి కూరుకుంటే గోడే. నీరు గోడలో ఏల ఉంటాది? గోడ పక్కన పగిలిన రాయిలో ఉంటాది" అన్నాడు.

తర్వాత లైబ్రరీలో పూర్తి పుస్తకం దొరికింది. ఆ నాలుగు ముక్కలే అందులో పదిహేను పేజీలున్నాయి. (నవ్వులు) మావ చెప్పిన చోట మళ్లీ వేసిన బోరు ఈరోజుకీ క్వార్టర్లన్నిటికీ నీళ్లిస్తోంది. అది తలుచుకుంటే సంతోషంగా ఉంటుంది.

కానీ ఎండిన బోరు దగ్గర ఆఫీసరు "ఇక్కడ మేకు పాతిందెవడు?" అంటే, "నానే బాబూ" అన్నాడు మావ. ఫైల్లో 'నిర్లక్ష్యం' అని రాశారు. ఫోర్‌మన్ పోస్టు రావాల్సింది, అదీ పోయింది. నేను పక్కనే నోరు మూసుకుని నిలబడ్డాను.

(ముందు వరసలోంచి తవిటయ్య: "ఒరే గణేసూ, కూకోరా! ఇప్పుడెందుకవన్నీ?")

కూర్చోను మావా. అర్జునరావు గారూ, మేకు జరిపింది నేను. రాసి సంతకం పెట్టి తెచ్చాను. నన్నేం చేస్తారో మీ ఇష్టం, ఆయన ఫైల్లో మాత్రం ఆ మాట ఉండకూడదు.

(తవిటయ్య భార్య అసిరమ్మ: "నాకు తెలుసురా. నీ నోటంట వత్తాదని ఐదేళ్లు సూశాను.")

వచ్చింది అత్తా. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. కాగితం అధ్యక్షుల వారి బల్ల మీద పెడుతున్నాను. సెలవు.