తూము దగ్గర మలుపు

చేతికి వచ్చిన విద్యను ఒక పెట్టె నేర్చుకుంటే, చేతికి ఇక మిగిలేదేమిటి? 1997 శ్రావణంలో, శంషాబాదుకు వాయవ్యాన హిమాయత్ సాగర్ మీద, ఇంజనీరు చైతన్య పక్కన, అతను చేసిన కంప్యూటర్ పెట్టె నడుపుతున్న పందెపు తెరచాప పడవలో పనిలేక కూర్చుని, పాత చుక్కానిదారు ఆశేర్ తనను తానే ప్రశ్నించుకున్నాడు.

"చుక్కాని ముట్టుకోకు ఆశేరూ! చెయ్యి తగిలిందా, పందెం పోయినట్టే!"

"ముట్టుకుంటలేను సార్. మీ పెట్టె గెలిస్తే రేపటిసంది నా చేతులకు గిదే పని కదా."

"నీకు వేరే పని చూస్తానన్నాను కదయ్యా."

"ఏం పని? పెట్టెకు దుమ్ము తుడుసుడా?"

"ముందు వెనక్కి చూడు! తొమ్మిది పడవలూ మన వెనకే! తెరచాప లాగుతున్న తీరు చూడు, ఎంత ముద్దొస్తోందో!"

"అది నా లాగుడే సార్. నాలుగు నెలలు నాతోని నడిపిచ్చి, నా చెయ్యి కదిలినకాడల్లా దాంట్ల ఎక్కిచ్చుకున్నరు. నా చెయ్యిని దొంగిలిచ్చి నాకే సూపిస్తున్నరు."

"దొంగతనం కాదు, శిష్యరికం! అచ్చం నీలాగే... అరెరె! ఎడమకెందుకు తిరిగింది? మనం చుట్టి రావాల్సిన ఎర్రజెండా కుడివైపు కదా!"

"గాలి మారింది కావచ్చు."

"మారలేదు! కట్ట మీదికి పోతోంది! తూము దగ్గరికి!"

"తూము కాడ చేపలు గిట్ల..."

"చేపలకు కంప్యూటర్ తిరుగుతుందా? ఎందుకు నవ్వుతున్నావు?"

"నవ్వుతలేను సార్."

"పళ్ళన్నీ కనపడుతున్నాయి! నేర్పేటప్పుడు ప్రతిసారీ ఇటే వచ్చేవాడివా?"

"మీరు అవతలి ఒడ్డున కంప్యూటర్ల తల పెట్టుకొని ఉంటుంటిరి. నేను... జరంత ఇటు వస్తుంటి."

"ఎందుకు?"

"తూము కావలి ప్రేమయ్య బాపు లేడా..."

"ప్రేమయ్య కోసమా?"

"ఆయనకో బిడ్డ ఉన్నది సార్. సునీల. గీ యాల్లకు కట్ట మీద కూసొని చదువుకుంటది."

"ఓరి నీ! నాలుగు నెలల నా లెక్కల్లో ఒక అమ్మాయి ఉందా! ఏం మాట్లాడేవాడివి?"

"ఏం లేదు. ఇయ్యాల అడుగుత అనుకొని వస్తుంటి. పది గజాల కాడ గుండె జారుతుండె. మల్ల తిప్పుకొని పోతుంటి."

"అంటే ఇది కూడా..."

"సూడుండ్రి, గా పది గజాల కాడికి పోయి తిరుగుతది. నా భయం గూడ నేర్సుకున్నది."

"అదిగో, ఆవిడే కదూ? లేచి నిలబడింది!"

"సునీలా! పడవను నేను తెస్తలేను! పెట్టె తెస్తున్నది!"

"కట్ట మీదికెల్లి సూస్తనే ఉన్న, పెట్టెకున్నపాటి ధైర్యం నీకు లేకపాయె! నాలుగు నెలలసంది వస్తవు, పోతవు. ఎన్నడన్న దిగుతవా?"

"సార్, తిరుగుతున్నది!"

"తిరిగింది! భేష్! ఇంకా మనమే ముందు! గెలుస్తాం ఆశేరూ... అదేమిటి, లేచావు? పడవ ఊగుతోంది, కూర్చో!"

"నేను చేసిందంత అది చేసింది సార్. నేను చెయ్యనిది దానికి రాదు."

"అయితే?"

"నా దిక్కు వంగి కూసోండ్రి, బరువు సరిపోతది. సునీలా! ఇంట్లకెల్లి ఓ తువ్వాల తే, దూకుతున్న!"