పెన్‌డ్రైవ్‌లో ఆయుధపూజ

గుడియాత్తంలో మధ్యాహ్నం రెండు గంటల ఎండ. కారు కెమెరాలోంచి తీసిన పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు గుచ్చి శరణ్య అరుగు మీద కూర్చుంది. ఎదురింటి పొన్నమ్మ అరగంట నుంచీ పక్కనే ఉంది.

"రెండు ముక్కలు చేస్తే లోపలుండేది పోతాదా?"

"పోతాది పెద్దమ్మా. ముందు అంతా తుడిచేసినాకే ముక్కలు చేయాల. అరవై నాలుగు జీబీ మొత్తంగా ఇస్తే ఈ కెమెరా ఒప్పుకోదంట. ముప్పై రెండు దానికి, మిగిలింది పాటలకి. వేలూరు అంగడాయన ఫోన్లో చెప్పినాడు."

"ఆ లెక్కలు నాకెందుకు? తుడిచేస్తావా, అది చెప్పు."

"తుడవకుంటే పని చేయదు. బండి తాళం తిప్పినప్పుడంతా లోపల్నుంచి ఒక ఆడగొంతు, ఫుల్, ఫుల్ అని ఒకటే గోల. ఈయన మేల్పాడి ఊరికి పనికి పోవాల్నంటే..."

"ఎందుకు నిండింది? నెల దినాలుగా మీ బండి వాకిట్లోనే ఉండాది గదా."

"నిలబెట్టిన బండి ముందర ఎవరు కదిలినా అది మేలుకొని పట్టుకుంటాది."

"ఎవరు కదులుతారు?"

"మీరే. దీపాలు పెట్టే వేళకి దినమూ వచ్చి నిలబడతారు గదా. దీంట్లో అంతా మీరే ఉండారు పెద్దమ్మా."

"నేనా? ఏం చేస్తా ఉండాను?"

"ఏమీ లేదు. కెమెరా పక్క చూస్తా ఉండారు."

"చూడకుండా ఎట్లుండేది? నా బిడ్డను కడసారిగా చూసిన కన్ను అదొకటే. నేను పరిగెత్తి పోయేసరికి బాలా కండ్లు మూసుకునుండాడు."

"మజ్జిగ తెస్తాను ఉండండి."

"వద్దు. కూర్చో. ఏమే, వాకిలి ఊడ్చి ఎన్నాళ్లయింది? ఆకులన్నీ అట్లే పడుండాయే. మా ఇంట్లో చీపురుండాది, తెచ్చియ్యనా?"

"చీపురొద్దు పెద్దమ్మా."

"నేను ఊడుస్తాలే."

"వద్దంటా ఉండా గదా."

"సరి, వద్దు. ఆపొద్దుది మాత్రం చూపించు. ఆయుధపూజ నాడు మీ బండి ఇక్కడే ఉండె. బాలా మోటార్‌సైకిల్ పడింది ఆ కల్వర్టు కాడ. ఇరవై అడుగులు లేదు. గుద్ది పోయినోడు దీంట్లో ఉంటాడు."

"ఆపొద్దుది లేదు. పాతది పోయి కొత్తది వస్తా ఉంటాది."

"నిన్న తెరుచుకోలేదన్నావు."

"అదే... తెరుచుకోలేదు."

"ఉండాదా, లేదా?"

"పెద్దమ్మా..."

"స్టేషన్లో ఏమని రాసుకున్నారో తెలుసా? తెలీని బండి అని. దినమూ పోయి అడిగితే అదే మాట, తెలీని బండి, తెలీని బండి. వీధిలో ఏ బండి చప్పుడైనా, ఇదేనా అని లేచి నిలబడతా ఉండా. కూరగాయల బండోడిని కూడా తేరిపార చూస్తా ఉండానే నేను."

"నాకేం తెలుసు చెప్పండి."

"నా మొగం చూసి చెప్పు."

"పని చేస్తా ఉండా గదా."

"పూజ అయినాక మీ ఆయన బండి బయటికి తీసినాడా?"

"అదేం మాట?"

"కొత్త బండి గదా. ఒక రౌండు కొట్టి వచ్చినాడా? చెప్పవే."

"తీసినాడంటే ఏం చేస్తారు?"

"శరణ్యా, ఈ చేత్తోనే గదా మీ బండికి దిష్టి తీసింది. నీకు అత్త లేదు, పెద్దదాన్ని నేనుండా గదా అని, గుమ్మడికాయలో కుంకుమ పోసి మూడు చుట్లు తిప్పి కొట్టినా. మీరిద్దరూ చల్లగా ఉండాలని. మర్చిపోయినావా?"

"మర్చిపోలేదు."

"అట్లయితే అది నొక్కొద్దు."

"నొక్కేసినా."

"ఏంది?"

"తుడిచేసినా పెద్దమ్మా. అంతా పోయింది."

"మీ ఆయనే. ఆయనే గుద్దినాడు. నువ్వు దాస్తా ఉండావు."

"మీరెట్లా అనుకున్నా సరి."

"ఇంక నీ వాకిలి తొక్కితే నేను బాలాని కన్నదాన్నే కాదు. ఈపొద్దే స్టేషన్‌కి పోతా."

ఎదురింటి తలుపు ధడాలున మూసుకున్న చప్పుడుకు, లోపల పడుకున్న శరణ్య మొగుడు పార్థిబన్ లేచి అరుగు మీదికి వచ్చాడు.

"ఏమంటా ఉండాది ఆయమ్మ? బాలాని నేను గుద్దినానంటనా?"

"అనుకోనీ మామా."

"అనుకోనీ అంటావేందే? ఆపొద్దు బండి జానెడు కదిలిందా? తాళాలు సామి పటం ముందర ఉండె. ఆ వీడియో చూపించింటే అయిపోయె గదా. ల్యాప్‌టాప్‌లోకి తీసిపెట్టుకో, పెన్‌డ్రైవ్ రెండో ముక్కలో పాటలతో పాటు దాచు, నాకు సాక్షిగా ఉంటాది అని చిలక్కి చెప్పినట్టు చెప్పినా."

"దాచలేదు."

"ల్యాప్‌టాప్‌లో ఉండాదా?"

"దాంట్లోనూ తీసేసినా."

"రేపు నన్ను తీసుకుపోయి స్టేషన్లో కూర్చోబెడితే?"

"కూర్చో. బండి చూసుకోనీ. ఒక గీత లేదు, వదిలేస్తారు."

"వదిలేదాకా వీధంతా నన్ను హంతకుడంటే? ఎవర్ని కాపాడతా ఉండావు నువ్వు? ఎవరిది ఆ బండి?"

"ఏ బండీ లేదు మామా."

"బండి లేకుంటే వాడెట్ల పడినాడు?"

"జారినాడు. గుమ్మడికాయ ముక్కల మీద చక్రం జారి, అట్లే పోయి కల్వర్టుకి కొట్టుకున్నాడు. వెనకాలే వాన వచ్చి రోడ్డంతా కడిగేసె. అందుకే ఎవురికీ తెలీలేదు."

"ఎవరి గుమ్మడికాయ?"

"మనదే."

"మనదెట్లయితాది? కొట్టిన వెంటనే నువ్వు ఊడ్చి మోరీలోకి తోసేస్తివి. నా కండ్లతో చూసినా. చీపురు గోడకి ఆనించి లోపలికొస్తివి."

"వచ్చినా."

"మల్ల?"

"బండి అద్దాలు దించి ఉండె, వీడియోలో మాట కూడా పడింది మామా. ఆయమ్మ వచ్చి ఆ చీపురే తీసుకునింది. 'ఓరకి తోసేస్తే ఈ బిడ్డలకి దిష్టి యాడ పోతాది, నలుగురూ తొక్కాల' అనుకుంటా, మోరీలోంచి ఒక్కో ముక్కా మళ్లా నడిరోడ్డు మీదికి లాగింది."