పోయినేటి వయసులు

బల్ఖాష్ పట్నంలో సరస్సు వైపు వాటా, ఐదో అంతస్తు. జూన్ నెల శనివారం మధ్యాహ్నం, చుక్కలూ గీతల మోర్సు సంకేతాలతో వీలైనన్ని స్టేషన్లను పలకరించే ఆసియా రేడియో పోటీ మొదలై చాలాసేపయింది. ఇంటాయన ఎర్ముఖాన్. తెలిసినవాళ్లంతా గౌరవంగా ఎరెకే అంటారు. ఒకప్పుడు ఆయనతో పాటు రేడియో క్లబ్బులో ఉన్న నెసిబెలి ఇప్పుడే మెట్లెక్కి వచ్చింది.

"ఇందుకోసమా నన్ను ఐదంతస్తులు ఎక్కించారు ఎరెకే? ఈ మీటలు నొక్కడానికా?"

"ముందు కూర్చో. ఆయాసం తగ్గనీ."

"ఆయాసం కాదిది, కోపం. చెప్పండి, మీటలు నొక్కడానికేనా?"

"నొక్కడమని కాదు. నేను వింటాను, నువ్వు రాయి. క్లబ్బులో లాగా."

"రాయడానికి ఈ కంప్యూటరుందిగా. ఇదొచ్చిన రోజున మీరే అన్నారు, ఇక రాసే మనిషితో పని లేదని. అందరి ముందూ అన్నారు. నేను పెన్సిలు బల్ల మీద పెట్టేసి ఇంటికెళ్లిపోయాను. గుర్తుందా?"

"టీ తాగుతావా?"

"గుర్తుందా అని అడిగాను."

"పాలు పోయనా?"

"పోయండి. ఆ సంచిలో బౌర్సాకులున్నాయి, పొద్దున వేయించినవే. తినండి. చిక్కిపోయారు మీరు."

"నువ్వు మాత్రం అలాగే ఉన్నావు."

"సరేలెండి. ఇంతకీ ఈ తెర మీద ఇదంతా ఏమిటి? గళ్లూ, రంగులూ. పెళ్లి దుప్పటిలా ఉంది."

"భయపడకు. ఈ పై గడిలో అవతలివాడి రేడియో గుర్తు, అదే కాల్‌సైన్, కొట్టు. మొదటి రెండక్షరాలు కొడితే చాలు, మిగతాది అదే చెప్తుంది. వాడితో ఇంతకుముందే మాట్లాడేసి ఉంటే ఎర్రబడుతుంది."

"అంటే ఎవడితో మాట్లాడామో ఎవడితో లేదో నేను బుర్రలో పెట్టుకు మోసిన పట్టీ అంతా ఇప్పుడిది మోస్తోంది."

"అంతే."

"అలిసిపోదు కూడాను."

"అలిసిపోదు. కబుర్లూ చెప్పదు."

"ఊఁ. ఈ గడిలో ఐదు తొమ్మిది తొమ్మిది ముందే పడి ఉందేం? నేనేం కొట్టలేదే."

"వినపడే తీరుకి ఎవడైనా ఇచ్చే మార్కులు అవేగా. వాడు చచ్చీ చెడీ వినపడ్డా, భేషుగ్గా వినపడుతున్నావనే కదా అంటాం. అందుకని ముందే పెట్టేస్తుంది."

"ఆ అబద్ధం మాత్రం మారలేదన్నమాట."

"దాని పక్క గడిలో అవతలివాడు పంపే వయసు. పోటీ మొత్తం మీద నిజం చెప్పేది ఆ ఒక్క చోటే."

"మగవాళ్లయితే. మేం సున్నా సున్నా ఇచ్చేవాళ్లం."

"ఇప్పుడూ అదే రూలు. ఆడవాళ్లకు సున్నా సున్నా ఇవ్వచ్చు."

"ఆ ఒక్క రూలు కోసమైనా మళ్లీ రావచ్చు. సరే, పెట్టుకోండి హెడ్‌ఫోన్లు. చూద్దాం."

"ఉండు... ఆఁ, దొరికాడు. ఒసాకా, ఇషిజుకా. వయసు అరవై ఎనిమిది. కొట్టు."

"కొడుతున్నా... అరే, నేను కొట్టకుండానే అరవై ఎనిమిది పడిందే."

"పోయినేటి ఫైల్లోంచి తెచ్చి పెడుతుంది. మన పని తేలికవుతుందని. వాడు వేరే అంకె పంపితే మార్చుకోవాలి."

"పోయినేడు అరవై ఎనిమిదైతే ఈ ఏడూ అరవై ఎనిమిదేనా?"

"పుట్టినరోజు ఇంకా వచ్చి ఉండదు."

"ఓహో. తర్వాత?"

"ఇర్కుత్‌స్క్ స్టేషన్. డెబ్బై ఒకటి."

"ఇదీ ముందే పడింది."

"కొట్టెయ్. తర్వాత ఉలాన్‌బాతర్, యాభై తొమ్మిది. ఆ తర్వాత సపోరో, అరవై రెండు. కొట్టు, కొట్టు, మనం వెనకబడ్డాం."

"ఎరెకే."

"ఏంటి?"

"ఏడాది తిరిగొచ్చినా వీళ్లలో ఒక్కడికీ వయసు పెరగలేదు."

"వాళ్లు పంపిందే నేను చెప్తున్నాను."

"కాదు. తెర మీద పడింది మీరు చెప్తున్నారు. నా భుజం మీంచి చూసి చదువుతున్నారు. పాతికేళ్లు మీ పక్కన కూర్చుని రాశాను, మీరు వింటున్నప్పుడు మీ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదా?"

"తర్వాత... నఖోద్‌కా..."

"కప్పు నిండా పోయండి."

"ఏంటి?"

"టీ. నిండా పోయండి. తాగి వెళ్లిపోతాను."

"నిండా పొయ్యను. అతిథికి కప్పు నింపితే పొమ్మన్నట్టే కదా. నిన్ను వెళ్లమనటం లేదు నేను."

"మరి ఎందుకు పిలిచారో చెప్పండి. ఇన్నేళ్లలో ఒక్కసారి ఫోన్ లేదు. బజార్లో ఎదురుపడితే తలూపి వెళ్లిపోయేవారు. ఉన్నట్టుండి మొన్న ఫోన్ చేసి, శనివారం ఒకసారి రా, పనుంది అన్నారు. నేను ఏవేవో అనుకున్నాను."

"ఏమనుకున్నావు?"

"ఏదో ఒకటి అనుకున్నాలెండి. తలకు కొత్త రుమాలు కట్టుకొచ్చాను, కనపడలేదా?"

"కనపడింది. నీలం."

"అయితే చెప్పండి. నిజంగా నాతో పనేమిటి? చెప్తే ఉంటాను, లేకపోతే బస్సుంది."

"అది... ఎలా చెప్పాలో..."

"చెవులా?"

"ఊఁ?"

"ఆ పెట్టెలోని సన్న చప్పుళ్లు మీకు వినపడటం లేదు. అంతేనా? అందుకే తెర చూసి చెప్తున్నారు. అందుకే నేను కావలసొచ్చాను. అవునా కాదా?"

"ఆఁ. చెవులే."

"ఎప్పట్నుంచి?"

"వసంతకాలం నుంచి."

"డాక్టరు దగ్గరికి?"

"పోలేదు."

"వెర్రి మనిషీ, ఇదా దాచుకునేది? మా అక్క మొగుడు పదేళ్లుగా చెవిటివాడు. హాయిగా ఉన్నాడు, ఆవిడ తిట్లేవీ వినపడవు."

"నవ్వకు నెసిబెలీ. నా సంగతి వేరు. మన క్లబ్బులో విల్లీ జర్మనీ వెళ్లిపోయాడు. పావెల్ పోయాడు. సగిందిక్ పోయాడు. క్లబ్బు గదిలో ఇప్పుడు కుర్చీలు అమ్ముతున్నారు. ఇంట్లో మా ఆవిడ పోయాక నా పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఈ పెట్టెలోంచే ఎవరో ఒకరు పిలిచేవారు. అదీ ఏడాదికి రెండుసార్లు, పోటీ ఉన్నప్పుడు. దిక్కులేనట్టుంటుంది నాకు. ఇంకెవరితోనూ అనలేదీ మాట. టీ చల్లారిపోతోంది."

"లేవండి."

"ఎందుకు?"

"లేచి ఇటు మీటల దగ్గర కూర్చోండి. హెడ్‌ఫోన్లు ఇటివ్వండి. నేను వింటాను, మీరు కొట్టండి."

"వద్దులే. నీకెందుకు శ్రమ? టీ తాగుదాం. ఈ మధ్య సూర్యుడు కూడా బాగాలేడు, తరంగాలు ఎంతో దూరం పోవు, దూరం వాళ్లెవరూ దొరకరు."

"దొరుకుతారో లేదో నేను చూస్తాను. లేవండన్నానా."

"నెసిబెలీ, నా మాట విను..."

"వినడానికేగా తీసుకుంటున్నాను. ఇవ్వండి. అబ్బ, ఎంత బరువుగా ఉన్నాయివి. ఆఁ, ఇప్పుడు మాట్లాడకండి."

"ఏం వినపడుతోంది?"

"ఉండండి."

"ఎవరైనా ఉన్నారా?"

"ఉండండి అంటున్నానా. రేడియో చక్రం తిప్పనివ్వండి."

"లేకపోతే లేదని చెప్పు. పర్వాలేదు. నేనేమీ అనుకోను. నెసిబెలీ?"

"ఉన్నారు."

"ఉన్నారా?"

"ఉన్నారు. చాలామందే ఉన్నారు. అలా చూస్తారేం, కొట్టండి. ఒసాకా, ఇషిజుకా."

"ఇషిజుకానా? నిజంగా?"

"అరవై తొమ్మిది పంపాడు. ఇందాక మీరు రాయించింది దిద్దండి. పుట్టినరోజు వచ్చేసింది వాడికి."

"అరవై తొమ్మిది. సరే. దిద్దాను."

"ఇర్కుత్‌స్క్ కూడా దిద్దండి. డెబ్బై రెండు."

"డెబ్బై రెండు. ఊఁ."

"సపోరో, అరవై మూడు. కొట్టారా? ఇంత నెమ్మదైతే ఎలా ఎరెకే? నన్ను సాగనంపారు కదా, ఈ కంప్యూటరు చకచకా రాస్తుందని."

"కొడుతున్నాను. వేళ్లు తిరగడం లేదు. చెప్పు, చెప్పు."

"కొత్తవాడొకడు. మీ ఫైల్లో ఉండడు. తాష్కెంట్ నుంచి. వయసు ఇరవై రెండు."

"ఇరవై రెండా? ఆ వయసు వాళ్లు ఇంకా వస్తున్నారా దీంట్లోకి?"

"వస్తున్నారు. హడావిడిగా కొడుతున్నాడు, కుర్రతనం. మీ గుర్తు తప్పు కొట్టి మళ్లీ సరిచేసుకున్నాడు."

"ఇరవై రెండు. మంచిది. బతకనీ."

"నవ్వుతున్నారే."

"నీ గొంతు అలాగే ఉంది. అంకె చదివేటప్పుడు చివర కాస్త సాగదీస్తావు. తొమ్మిదీ, అని. అది వినే చాలా ఏళ్లయింది."

"నన్ను పంపించకపోతే రోజూ వినేవారు."

"అవును."

"అవునంటే?"

"అవునంటే అవును. ఆ రోజు ఆ మాట అని ఉండాల్సింది కాదు. తర్వాత ఎవరు? చెప్పు."

"తర్వాత... ఉండండి. ఆఁ, మనవాడే. ఉలాన్ ఉదే నుంచి గెన్నాదీ. కొట్టండి."

"గెన్నాదీ పిలుస్తున్నాడా?"

"మిమ్మల్నే పిలుస్తున్నాడు. రెండుసార్లు పిలిచాడు."

"వయసెంత ఇచ్చాడు?"

"డెబ్బై... ఆరు."

"డెబ్బై ఆరు. కొట్టాను. చెయ్యి ఎలా ఉంది?"

"చెయ్యా?"

"ఇప్పుడందరికీ మోర్సు కంప్యూటరే కొట్టిపెడుతుంది, ఎవడైనా ఒకటే లాగుంటాడు. వాడొక్కడే ఇంకా చేత్తో కొట్టేది. ఎలా ఉంది?"

"అలాగే ఉంది. పొడుగు గీత దగ్గర కాస్త కుంటుతూ. క్లబ్బులో మీరంతా ఏడిపించేవారే, అలాగే."

"కుంటుతూనే ఉందా?"

"ఉంది. ఆరోగ్యం బాగున్నట్టే ఉంది. గట్టిగా వస్తున్నాడు."

"నెసిబెలీ, గెన్నాదీ చలికాలంలో పోయాడు. వాళ్లావిడ కబురు పెట్టింది. కొత్త సంవత్సరం వెళ్లిన వారం."

"మరి ఎందుకు కొట్టారు?"

"నువ్వు చెప్పావుగా."

"తీసెయ్యండి. ఇంకెవరో అయుంటారు. నాకూ వయసయింది, పొరబడి ఉంటాను."

"ఉంచుదాం."

"తీసెయ్యండి ఎరెకే. నేను చెప్పినవాళ్లందర్నీ కూడా తీసెయ్యండి."

"ఇషిజుకాని కూడానా?"

"ఇషిజుకాని కూడా."

"తాష్కెంట్ కుర్రాణ్ని?"

"వాడు అసలు లేనే లేడు. ఎవరూ లేరు. మొదట్నుంచీ ఉత్త బుస్సుమనే చప్పుడే. ఒక్క చుక్క లేదు, ఒక్క గీత లేదు. చక్రం ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పాను."

"మరి ఉన్నారన్నావు?"

"మీరు నా ముఖంలోకి చూస్తున్న తీరుకి లేరనే మాట నోట రాలేదు. చెవులు పోయాయని ఇప్పుడే చెప్పారు. ఆ పైన, మిమ్మల్ని పిలిచేవాళ్లు కూడా ఒక్కరూ లేరని ఏ నోటితో చెప్పమంటారు?"

"ఏడవకు. రుమాలు తడిసిపోతుంది."

"తడవనివ్వండి. ఎవరికోసం కట్టుకొచ్చానని."

"నా చెవులకేం కాలేదు నెసిబెలీ."

"ఏంటి?"

"చెవులు బాగానే ఉన్నాయి. మార్చిలో పెద్ద గాలి వచ్చింది చూడు, దానికి ఇంటి పైకప్పు మీద యాంటెన్నా పడిపోయింది. ఆ పెట్టెలో ఎవరికైనా వినపడేది ఆ బుస్సే."

"మరి పొద్దుట్నుంచీ ఇక్కడ ఒక్కరే కూర్చుని..."

"పోయినేటి వాళ్లని ఒక్కొక్కర్నీ కొట్టుకుంటున్నాను. పోటీ రోజు కదా, ఊరికే కూర్చోలేకపోయాను."

"చెవులా అంటే ఆఁ అన్నారే."

"దీనికంటే చెవిటివాణ్నని చెప్పుకోవడమే మేలనిపించింది."

"అయ్యో ఎరెకే. మార్చి నుంచి ఇప్పటిదాకానా? ఒక తీగేగా అది. పైకెక్కి మళ్లీ కట్టుకోలేకపోయారా?"

"తీగే. కానీ కట్టాలంటే, అవతలి చివర పట్టుకుని నిలబడడానికి ఇంకో మనిషి కావాలి."