బంగార్రాజు గోడమీది క్రికెట్

భిలాయి క్యాంప్ 1లో అచ్చమ్మ టీ బడ్డీ దగ్గర ఆ శనివారం సాయంత్రం తేలాల్సింది ఒక్కటే సంగతి. మర్నాడు భిలాయి-3 వాళ్లతో మ్యాచ్, మన తెలుగు టీముకి కెప్టెన్ ఎవరు? తేల్చవలసినవాడు కొర్నేలి, ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. బంగార్రాజుకి ఆ కెప్టెన్‌గిరీ కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఏళ్లతరబడి మైదానం గట్టున నిలబడి ఆడేవాళ్లకి నీళ్లందించీ అందించీ విసిగిపోయాడు పాపం. ఊరికే అడిగితే ఇస్తారన్న నమ్మకం లేక కోతలకి దిగాడు.

"ప్రాక్టీసు ఎక్కడ చేస్తన్నావని అడగరేటి మావా? మా ఇంట్లోనే! రాయ్‌పూర్‌లో ఓ కోచింగ్ సెంటర్ మూసీస్తంటే వాళ్ల ప్రొజెక్టర్ కొనీసాను గదా, దానికి వీడియో గేమ్ డబ్బా తగిలించి, గోడంత బొమ్మేసి క్రికెట్ ఆడతన్నాను. నిన్న యాభై కొట్టీసాను."

"యాభై అంటే పర్లేదు భయ్యా" అన్నాడు డేవిడ్‌రాజ్. ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేసే ఈ కుర్రాడికీ కెప్టెన్‌గిరీ మీద కన్నుంది.

పర్లేదన్న మాట బంగార్రాజుకి ఎక్కడో గుచ్చుకుంది.

"యాభై అన్నది టీ టైముకి బావూ! ఆ తర్వాత రెండొందలు. అసలా ప్రొజెక్టర్ అంటే ఏటనుకున్నావు? దాని స్క్రీన్ జపాన్ సరుకు. మొన్న ముసుర్లో మా ఇంటిది జోగమ్మ వడియాలు ఎండటం లేదని గోల పెడతంటే, ఎడారి సినిమా ఒకటి పెట్టీసాను. గంటలో గలగల్లాడిపోయాయి. ఆ తర్వాత ఏటైందో తెలుసా? అదే సినిమాలో వాన పాటొచ్చీసింది! ఎత్తేలోపల సగం తడిసిపోయాయి."

"మా మిరపకాయలు కూడా తెమ్మంటావేటి తమ్ముడూ?" అంది అచ్చమ్మ, టీ వడగడుతూ.

"తే అప్పా! నీకోసం మిట్టమధ్యాన్నం ఎండ ఏస్తాను."

నలుగురూ నవ్వారు. కొర్నేలి మీసం కూడా కాస్త కదిలినట్టనిపించింది. బంగార్రాజుకి ఇక పగ్గాల్లేవు.

"నిన్న ఆ ఫాస్ట్ బౌలరు పరుగెత్తుకొస్తంటే గోడమీద కేలండరు ఎగిరి వంటింట్లో పడింది. పిచ్ మీద దుమ్ము జోగమ్మ చేటల్తో ఎత్తి పారబోసింది. ఆడు బంతి ఏసాడు, నేను లాగి కొట్టాను. అది స్క్రీన్ దాటి, కిటికీ దాటి, పోయి పోయి ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్‌లో పడి, కరిగి, రైలు పట్టాలో కలిసిపోయింది. కసమ్ సే, ఒట్టు! ఆ పట్టా నాగ్‌పూర్ లైన్లో ఏసారు. ఇప్పుడు ఏ బండైనా సరే అక్కడో గెంతు గెంతకుండా పోదు. అంపైరు గోడలోంచి దిగి, ఆ బండెక్కి ఎళ్లి, చూసొచ్చి మరీ సిక్సర్ అన్నాడు."

"తోలు బంతి ఇనుములో ఎలగ కలిసింది భయ్యా?" అన్నాడు డేవిడ్‌రాజ్.

"కలవలేదు గనకే గదా, బండి గెంతుతోంది!"

బడ్డీ అంతా ఘొల్లుమంది. కెప్టెన్‌గిరీ చేతికొచ్చేసిందనుకుని బంగార్రాజు గ్లాసు ఎత్తాడు.

అప్పుడు కొర్నేలి గొంతు సవరించుకున్నాడు.

"మా అరుగు మీ ఇంటికి ఎదురే గదా అల్లుడూ. నువ్వు జోగమ్మ దుప్పటి వసారా కటకటాలకి కట్టి, దానిమీద బొమ్మేస్తావు. మీరు లోపల్నించి చూస్తారు. ప్రార్థన చేసుకున్నాక నేనూ మీ అత్త లూసీ బయటనించి, దాని ఎనక్కాల్నించి చూస్తాం. మంచి కాలక్షేపం. కాకపోతే మాకు హీరోలందరూ ఎడంచేత్తో అన్నం తింటారు. రాతలన్నీ తిరగబడిపోతాయి. లూసీ అద్దం పట్టుకొచ్చి అందులో చూసి చదివిపెడతాది."

బంగార్రాజు ఎత్తిన గ్లాసు దించేశాడు. దుప్పటికి రెండో వైపు కూడా ఉంటుందన్న సంగతి అతనికెప్పుడూ తట్టలేదు.

"నీ స్కోరుకి మాత్రం అద్దంతో పని పడలేదు నాయినా. సున్నా ఎటునించి చూసినా సున్నాయే గదా."

సిగ్గుతో బంగార్రాజు చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆఖరి ప్రయత్నం చేశాడు.

"అది... ఆ రోజు ఆడింది నేను కాదు మావా, జోగమ్మ!"

"జోగమ్మ ఆడినప్పుడు అద్దం తెచ్చుకున్నాం. డెబ్బైమూడు కొట్టింది" అన్నాడు కొర్నేలి, లేచి పంచె దులుపుకుంటూ. "రేపు పొద్దున్న ఖాళీగా ఉంటాదేటో కనుక్కో. కెప్టెన్‌గా రమ్మన్నానని చెప్పు."