దాసు ముట్టుకున్న గడప

ఏటే గుంటా, రేపు నేను మైకులో సెప్పాల్సింది రాసిచ్చేసేరా? సదువు, ఇంటాను. "ప్రజల గడపకు మొక్కిన మహానుభావుడు." ఊఁ. బాగుంది. ఆగు, మళ్లీ సదువు. నీకు పెదనాన్నే గానీ ఆణ్ణి నువ్వు సూణ్ణేదు కదా అశ్వినీ. నువ్వు పుట్టేసరికే ఆడు పోయేడు. నిన్న విగ్రహం కమిటీ వాళ్లు నన్ను బస్టాండు కాడికి తీసికెళ్లి బొమ్మ సూపించేరు. మొహం ఆడిదే, మా దాసుదే. వొంగి, సిమెంటు గడప మీద సెయ్యెట్టి ఉన్నాడు. "బాగుందా అమ్మా?" అంటారు. అప్పట్నుంచీ బుర్ర తిరిగిపోతంది నాకు.

ఆ వొంగడం ఆడికి ఎక్కడ అలవాటయిందో ఎవులికీ తెలీదు. కబాడీలో అయింది. ఇప్పట్లా టీవీలో పరుపుల మీద ఆట కాదు. సెరుకు కొట్టేసిన సేలో మోళ్లు పీకి, ముగ్గుతో గీత గీసేవోరు. మీ తాతకి ఒళ్లు మంట. "కట్ట మొయ్యమంటే నడుం నొప్పి, కబాడీకైతే పులి!" ఆయన గొంతు అలాగే ఉండేది, కీచుగా. ఏటి సెప్తన్నాను? ఆఁ, కూతకెళ్లే ముందు గీత కాడ వొంగి, మట్టి ముట్టుకొని కళ్లకద్దుకునేవోడు. ఎందుకురా అంటే, "అవతల ఏడుగురమ్మా. ఒక్కణ్ణీ ఎల్తన్నాను. తిరిగి రావాలి కదా" అనేవోడు.

రోలుగుంట అమ్మోరి తీర్థంలో ఒకసారి ఆట సూసేను. జీళ్లు కొనుక్కోడానికెళ్లేను నేను, ఆట కోసం కాదు. ఐదుగురు ఆడి మీద పడిపోయేరు. మనిషి కనపడ్డం నేదు. ఆ దుమ్ములోంచి ఒక సెయ్యొచ్చింది. ఏళ్లు సాపి గీత ముట్టుకుంది. అంతే, జనం గోలగోల. ఏటయిందే అంటే మా ఆడబిడ్డ కనకమహాలక్ష్మి నా భుజం పట్టుకొని ఊపేసింది. "గీత అందిందొదినా! బతికిపోయేడు!"

తర్వాత దేశం తరఫున ఆడేడు. పేపర్లో పడ్డాడు. చీడికాడ కొండల కింద ఊళ్లకి బోర్లేయించేడు. మన రోడ్డు పక్క సెరుకు సేను ఆడపిల్లల హాస్టలుకి ఇచ్చేసేడు. మీ తాత, "ఊరికి కొడుకు, మనకి సుట్టం" అని మాట మానేసేరు. ఊరే ఆణ్ణి ఎలచ్చన్లలో నిలబెట్టింది. ప్రతి గడప కాడా వొంగి, ముట్టుకొని, కళ్లకద్దుకొని లోపలికెళ్లేవోడు. జనం కన్నీళ్లెట్టుకున్నారు. నేను కొంగు అడ్డెట్టుకొని నవ్వేను. కూతకెళ్తన్నాడు ఎదవ, అనుకున్నాను. గెలిచేడు.

గెలిచేక ఇంటికి రావడం తగ్గింది. వొచ్చినా ఎనకాల మంద. కాఫీలు కలపలేక సచ్చేదాన్ని. అలాటిది ఒక మధ్యాన్నం ఒక్కడూ నడిసొచ్చేడు. కారు ఎక్కడో వొదిలేసేడు. సొక్కా తడిసిపోయింది. గుమ్మం కాడ వొంగి, గడప మీద సెయ్యెట్టేడు. మనింట్లో ఎప్పుడూ అలా సెయ్యనేదు. సొంతిల్లు కదా, ఎవుడు ముట్టుకుంటాడు? "నేను ఓటర్నేటిరా?" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వనేదు. "అన్నమెట్టమ్మా" అన్నాడు. ఎండ్రొయ్యల ఇగురుంది, ఎట్టేను. తిని, సాప మీద కాళ్లు ముడుసుకొని పడుకున్నాడు. పొద్దు వాలేక లేచి ఎళ్లిపోయేడు. తెల్లారి ఫోనొచ్చింది. గుండాగిపోయిందన్నారు.

ఇంటి మీద ప్రేమతో ముట్టుకున్నాడంటావు. అవునేమో. నాకేటి తెలుసు? కూతకెళ్లేవోడూ వొంగుతాడు. తప్పించుకొచ్చేవోడూ గీతకే సెయ్యి సాపుతాడు. ఆ రోజు కళ్లకద్దుకున్నాడా? అదే గుర్తు రావట్నేదే. అద్దుకుంటే, నన్నూ అవతలోళ్లలో కలిపేసేడు. అద్దుకోపోతే, గీత అందుకోడానికొచ్చేడు. కమిటీ వాళ్లనడిగేను, ఈ గడపకి ఇల్లు ఏ పక్కనుంది బాబూ అని. "బొమ్మకి ఇల్లేటమ్మా" అని నవ్వేరు.

నేను ఆడి సెయ్యే సూసేను. ఆ ఓటరు మాట అనేయడానికే నా తొందర. ఎనకాల ఆడి కాళ్లు ఎవులు పట్టి లాగుతన్నారో, సూణ్ణేదు.

స్టవ్వు కట్టెయ్యే. పాలు పొంగుతన్నాయి.