వెంకట్రాం పటేల్ వేసిన తాళం

తావుర్యా ఆ పొద్దు చాయ్ తాగుతందుకు రాలేదు. ఒక్క మాట అడుగుతందుకు వచ్చిండు. భూపాలపల్లి బస్టాండు ఎనుక లచ్చయ్య హోటల్ బల్ల మీద వెంకట్రాం పటేల్ కూసున్నడని ఎవరో చెప్తే, అంగి గుండీలు పెట్టుకుంటనే బిరబిర వచ్చిండు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బొగ్గుబాయిలు బందు, బళ్ళు బందు, బస్సులు బందు. బాయిల బొగ్గు తీసే తావుర్యా సుత అందరితోని టెంటు కింద కూసున్నోడే. పోయిన వారం అతని ఒక్కని ఫోనుకే సమ్మె కమిటీ పేరు మీద ఒక మెసేజ్ వచ్చింది. సమ్మె ఆగింది, అందరు పొద్దటి షిఫ్టుకు డ్యూటీ ఎక్కాలె అని ఉన్నది అండ్ల. కమిటీనే చెప్పింది గదా అని బూట్లు తొడుక్కొని గేటు కాడికి పోయిండు. అక్కడ సమ్మెల ఉన్నోళ్ళు పట్టుకున్నరు. ద్రోహి అన్నరు. మెడల చెప్పుల దండ ఏసి క్వార్టర్ల నడిమి నుంచి తిప్పిన్రు. ఆ పొద్దు నుంచి అతని పెండ్లాం ద్వాళి బిందె పట్టుకొని నల్ల కాడికి పోతే, ఆడోళ్ళు మాట ఆపి మొఖం తిప్పుకుంటున్నరు.

తావుర్యా ఆ మెసేజ్ చూపెట్టకపోలేదు. చూపెట్టిండు. కమిటీ పెద్దలు వెంకట్రాం దిక్కు చూసిన్రు. కమిటీకి ఒక వెబ్‌సైటు ఉండె. ఏ ఊర్లె సభ, ఏ రోడ్డు మీద రాస్తారోకో అన్నది అండ్ల పెడుతుండె, అండ్లకెళ్ళే జనం ఫోన్లకు మెసేజ్‌లు పోతుండె. ఇదంత నడిపే లోపలి పేజీ ఒకటి ఉంటది. దానికి పాస్‌వర్డ్ పెట్టి కావలి కాసేటోడు వెంకట్రాం. టేకుమట్ల దిక్కు భూములున్న ఇంటి మనిషి, భూపాలపల్లిల ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నడు. ఆయన ఆ ఫోను చేతిలకు సుత తీసుకోలేదు. "నా తాళం దాటి ఈగ పోదు. వీడే ఎవనితోనో చేయించుకున్నడు" అన్నడు. ఆ ఒక్క మాటతోని తావుర్యా ద్రోహి అని ఖాయం అయింది.

గిప్పుడు బల్ల చుట్టు పది మందికి తక్కువ లేరు. ఒక కొసకు పల్లవి కూసున్నది. కాలేజీల పాఠాలు చెప్తది, సభల వార్తలు కాగితం మీద రాసి సైటు కోసం వెంకట్రాంకు ఇస్తది. నాకు సుత ఒక పాస్‌వర్డ్ ఇయ్యి, నేనే పెట్టుకుంట అని ఆమె అడిగితే, ఆడిపిల్లవు నీకెందుకు తాళంచెవి అన్నడు ఆయన.

"పటేలా, గా మెసేజ్ మీకాడికెళ్ళే వచ్చిందని నలుగుట్ల ఒక్క మాట చెప్పు," అన్నడు తావుర్యా. "నా పెండ్లాం నీళ్ళకు పోలేకపోతుంది."

వెంకట్రాం చాయ్ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టిండు.

"ఏందిరా? నా తాళాన్నే అనుమానిస్తున్నవా? ఇనుండ్రి, అందరు ఇనుండ్రి, గీ మనిషికి నేను చేసింది తెల్వది. సమ్మె షురువైన పొద్దు నేనేం జేసిన? పాత పాస్‌వర్డ్ తీసి అవతల పారేసిన. అది జై తెలంగాణ అని ఉండె. గది ఎవడన్న చెప్తడు గదా! కొత్తది పెట్టిన. రెండు మూడు సార్లు తప్పు కొట్టిండంటే తలుపు దానంతటదే మూసుకునేటట్టు చేసిన."

"మంచి పనే," అన్నడు లచ్చయ్య, చాయ్ వడగడుతు.

"మంచి పనా? ఇంకా ఇను. జనగామల కమిటీ ఆఫీసు, తొర్రూరుల మా బామ్మర్ది దుకాణం, ఈడ నా సెంటరు, ఈ మూడు జాగల కంప్యూటర్లు తప్ప ఇంకెక్కడికెళ్ళి తట్టినా తెరవొద్దని చెప్పిన. అంతటితోని ఆగిన్నా? ఈడికెళ్ళి పోయే ప్రతి ముక్కను మూట కట్టి, కుట్లేసి పంపుడే. నేను ఈడ 'క' కొడితే, దారిల ఎవడన్న చెవి పెట్టి ఇన్నా వానికి 'క' ఇనరాదు. కప్ప బెకబెకమన్నట్టు ఇనొస్తది. వాడు వాగులున్న కప్పలన్ని తిరగబెట్టి చూడాలె!"

బల్ల మీద నవ్వులు లేచినయ్. తావుర్యా నవ్వలేదు.

"పటేలా, నేనడిగింది..."

"ఆగు! అటెనుక ఏమైందో ఎరుకనా? పట్నంకెళ్ళి ఒకడు మోపైండు. సమ్మె ఇరగ్గొట్టాలని పైసలిచ్చి పెట్టిన్రు వాన్ని. తలుపు తడ్తుండు, తడ్తుండు, నా తెరమీద ఎర్ర అక్షరాలు. గంతల కరెంటు పోయింది. బొగ్గు లేకపాయె, కరెంటు ఏడికెళ్ళి వస్తది? సెంటరంత చీకటి."

"మరి కంప్యూటర్ ఎట్ల నడిచింది?" అన్నడు ఒక ముసలాయన.

"నా కోపంతోని నడిచింది! ఏంది, నవ్వుతున్నరు? అరవై ఏండ్ల కోపం ఉండె నాకు ఈడ," అని రొమ్ము మీద గుద్దుకున్నడు, "మన బొగ్గు, మన నీళ్ళు, మన కొలువులు, అన్నీ యాదికొచ్చినయ్, రెండు చేతులు కీబోర్డు మీద పెట్టిన, మానిటర్ భగ్గున ఎలిగింది. పక్కింటోళ్ళ ఫ్యాను సుత తిరిగింది. కావాల్నంటే అడుగుండ్రి."

వెంకట్రాం వయసు నలభై దాటలేదని ఎవరికీ యాదికి రాలేదు. అందరి రొమ్ములల్ల ఉన్న కోపమే అది. తావుర్యాకు సుత ఉన్నది. అందుకే ఆయన మాటలకు అడ్డం పోవుడు కష్టమైతుండె.

"తలుపు తెరవకపోతే దొంగ ఏం జేసిండో ఎరుకనా? తీగెలకే దూరిండు! మనిషికి మనిషే! నేను చూస్తనే ఉన్న గదా, స్కూటర్ తీసిన. వాడు తీగెల లోపల, నేను రోడ్డు మీద. జనగామ కాడ తీగె ఉబ్బింది, ఎలుకను మింగిన పామోలె. నా స్కూటర్ చప్పుడుకు దారిల ఉన్న చెట్లన్ని పక్కకు జరిగినయ్. తొర్రూరు కాడ ఎదురువడ్డ. ఆ తీగెను రెండు చేతుల పట్టి, ఎడ్లను కట్టేసే పెద్ద ముడి ఉంటది సూడు, గట్ల ముడేసిన. దొంగ నడిమిట్ల ఇరుక్కున్నడు. ఇన్నేండ్లు సినిమాలల్ల మన మాట మాట్లాడెటోన్ని రౌడీని చేసి, పనోన్ని చేసి నవ్విన్రా లేదా?"

"నవ్విన్రు!" అన్నరు నలుగురు.

"వాడు సుత మనను ఎక్కిరించినోడే! గా ముడిల ఇరుక్కున్నంక ఏమన్నడో ఎరుకనా? 'అన్నా, జర ఇడువే, పానం పోతుందే' అన్నడు. మన మాట! పీక బిగవడితే మన మాటే వచ్చింది వానికి! మళ్ళ గీ దిక్కు రానని తీగెల నుంచే దండం పెట్టి, వచ్చిన తొవ్వల పట్నందాక ఎనుకకు పాకుకుంట పోయిండు."

చప్పట్లు కొట్టిన్రు. ముసలాయన ఈల సుత ఏసిండు. తావుర్యా మూతి మీదికి నవ్వు వచ్చినంత పనైంది. ఎంటనే తన మీద తనకే రోషమొచ్చింది. తనను ద్రోహిని చేసినోని కథకు తను నవ్వుడేంది?

"గింత చేసినోన్ని," వెంకట్రాం వేలు తావుర్యా మొఖం మీదికి తెచ్చిండు, "గీ మనిషి అడుగుతుండు, నీ తాళం తెరిచిన్రా అని! తెరిచెటోడు పుట్టాలె!"

పల్లవి మెల్లగ అడిగింది. "గంత గట్టి పాస్‌వర్డ్ ఎట్లుంటదే అన్నా?"

"చెప్పినా నీకు యాది ఉండది, పిల్లా. దేశంల గంత పొడుగున్నది ఎవని కాడ లేదు. ముందుగల నా పేరు, నడుమ పులి, ఎనుక మా ఊరు. వెంకట్రాంపులిటేకుమట్ల! నడుమ సందు సుత ఇయ్యలే. ఎవడు కొడ్తడు చెప్పు? సగం కొట్టెవరకే వేళ్ళు గుంజుతయ్!"

"పండుగ ముందర సుత చెప్పినవ్ గద పటేలా," అన్నడు లచ్చయ్య, ఏ కపటం లేకుండ. "గీ బల్ల మీదనే. అప్పుడు నిండ మంది ఉండిరి. నాకు నోటికే వచ్చె."

పల్లవి తల వంచి ఫోను మీద ఏదో కొట్టింది. ఒకసారి తప్పు పోయింది. మళ్ళ కొట్టింది. మళ్ళ తప్పే. ఇంకోసారి తప్పింది. తలుపేం మూసుకోలేదు. పులి స్పెల్లింగు మార్చి కొట్టినట్టుంది, గీసారి తల లేపి తావుర్యా దిక్కు ఒక్క చూపు చూసింది.

వెంకట్రాం ఇంకా దొంగ దండం పెట్టిన ముచ్చటనే మళ్ళ చెప్తుండె. గంతల బల్ల మీద ఒక ఫోను మోగింది. ఇంకోటి మోగింది. లచ్చయ్య గల్లా పక్కన ఒకటి, ముసలాయన జేబుల ఒకటి. తావుర్యా తన ఫోను తీసిండు. సమ్మె కమిటీ పేరే. డ్యూటీకి రమ్మన్న పాత మెసేజ్ కిందనే వచ్చి పడ్డది కొత్తది. చదువు తక్కువ గనుక కూడబలుక్కొని గట్టిగ చదివిండు.

"లచ్చయ్య హోటల్ బల్ల మీద కూసొని పంపుతున్న. వెంకట్రామన్న తాళం తీసే ఉన్నది. పల్లవి."

అందరు పల్లవి దిక్కు తిరిగిన్రు.

"జనగామ కాదు, తొర్రూరు కాదు, నీ సెంటరు అసలే కాదు," అన్నది పల్లవి. ఫోను అందరికి కనవడేటట్టు పైకి పట్టింది. "నా చేతిల ఫోను. తప్పు కొట్టిన, మళ్ళ తప్పు కొట్టిన, ఎవరని సుత అడగలే. ఎవరి పేరు వాళ్ళకు, ఎవరి చెవి వాళ్ళకు ఇయ్యమని మొత్తుకున్న అన్నా. అట్ల ఉంటే ఎవడు తెరిచిండో దొరుకుతుండె. ఉన్నది ఒక్కటే చెవి, దాన్ని గిట్ల బజార్ల పెట్టినవ్. ఇన్నోళ్ళల్ల ఎవడు పంపిండో గిప్పుడు ఎట్ల తెలుస్తది?"

వెంకట్రాం మొఖం నల్లవడ్డది. అయినా నోరు ఊకోలేదు.

"అది... అది నేను కావాల్ననే తీసి పెట్టిన. దొంగ మళ్ళ వస్తడేమో, వస్తే పట్టుకుందామని..."

"వచ్చిండు పటేలా," అన్నడు తావుర్యా. "వచ్చి, నన్ను డ్యూటీకి పిలిచి పోయిండు."

ఎవరూ నవ్వలేదు. ముసలాయన తల కిందికి ఏసుకున్నడు. ఆ పొద్దు గేటు కాడ ఆయన సుత ఉండె.

వెంకట్రాం లేచి నిలవడ్డడు, మళ్ళ కూసున్నడు. పల్లవి ఆయన ముందరనే పాస్‌వర్డ్ మార్చింది. కొత్తది ఏందని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అటెనుక అందరికి ఇంకో మెసేజ్ కొట్టింది. డ్యూటీకి రమ్మన్నది దొంగ మెసేజ్ అనీ, దాన్ని నమ్మి గేటు కాడికి పోయిన తావుర్యాది ఏ తప్పు లేదనీ.

పొద్దుమూకే వరకు టెంటు కాడి మనుషులు, ఆ ముసలాయన సుత, తావుర్యా క్వార్టర్ ముందరికి వచ్చిన్రు. చేతులల్ల ఫోన్లు పట్టుకొని, "సూసినం చెల్లె, మెసేజ్ వచ్చింది, అంత సాఫైంది" అన్నరు.

ద్వాళి గడపల నిలవడి ఇన్నది. ఆమె కొంగు నడుముకు చుట్టి ఉన్నది, కండ్లు మండుతున్నయ్.

"నా మొగన్ని తిట్టింది ఫోన్లనా? నోటితోని తిట్టిన్రు. వాడవాడ తిప్పి తిట్టిన్రు. మీ మెసేజ్ నాకొద్దు. నల్ల కాడికి నడువుండ్రి, ఆడ అందరు ఉన్నరు. నోటితోనే చెప్పుండ్రి."

బిందె సంకల పెట్టుకొని ముందుగల ఆమె నడిచింది. వచ్చినోళ్ళు ఒకని మొఖం ఒకడు చూసుకొని, ఫోన్లు జేబులల్ల పెట్టుకొని ఆమె ఎనుక నడిచిన్రు.