రాళ్ళతోటకు నీళ్ళు

తాండూరులో ఇంటి వెనక, విరిగిన నాపరాళ్ళు పేర్చి శ్రీశైలం పెంచిన రాళ్ళతోట. అతను పోయి మూడో నెల. చెల్లెలు కరుణ వికారాబాద్ నుంచి పొద్దున బస్సుకు వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా తల్లి బుగ్గమ్మ చేతిలోని చెంబు పట్టుకుంది.

"ఇడువే బిడ్డా, చెంబు ఇడువు."

"ఇడువ. ఏమైందే అవ్వా గీ తోటకు? అన్నీ గిట్ల మెత్తగయినయేంది?"

"ఏమయితది? ఎండలు మండుతున్నయి గదా. వాడినయి."

"వాడుడు గాదు, కుళ్ళినయి. గిటు సూడు, ఒత్తితే నీళ్ళు కారుతున్నయి. రోజూ పోస్తున్నవా?"

"ఒక్క చెంబు."

"ఒక్కటేనా?"

"పొద్దుగాల ఒకటి. పొద్దుమీకి ఒకటి. నడుమల మొకం వాడినట్టు కనవడితే ఇంకోటి."

"అయ్యో అవ్వా! గివి రాళ్ళ సందులల్ల బతికేటివే. ఆకులల్లనే నీళ్ళు దాసుకుంటయి. అన్న నీకు చెప్పలేదా?"

"చెప్పిండు. వాడు మస్తు చెప్తడు."

"మరి?"

"గా మూలకున్న కలబంద పిల్ల బాగనే ఉంది గదా. దానికన్న పొయ్యనియ్యి."

"అది కలబంద గాదే. కలబంద పిల్లకు సుక్కలుంటయి. దీనికి సూడు, ఆకు మీద అడ్డంగ తెల్ల చారలు. హవోర్తియా అంటరు. అన్న ఎంత పానం వెట్టి పెంచిండు దీన్ని! గిదొక్కటే మిగిలింది."

"నాకేం తెల్సు? నాకన్నీ వాని మొక్కలే."

"సరే. దీన్ని పీకి, కుళ్ళిన ఏర్లు కోసేసి, నీడకు ఆరవెడ్త. తర్వాత ఇసుకల రాళ్ళపొడి కలిపి నాటుదం. నెల దాక నీళ్ళ జోలికి పోకు."

"నెలా? సస్తది బిడ్డా!"

"పోస్తేనే సస్తది. నా మాట ఇను. పొయ్యనని ఒట్టు వెయ్యి."

"వెయ్య."

"అవ్వా..."

"వెయ్య అంటున్న గదా!"

"ఎందుకే గింత మొండితనం? ఉన్నదొక్కటి గూడ పోవాల్నా? అన్న చేత్తోని పెట్టింది ఇంకేమున్నదే మనకు?"

"ఒర్రకు. వాడకట్టంత ఇంటరు."

"ఇననియ్యి. జర చెప్పు, తెలిసి తెలిసి ఎందుకు పోస్తున్నవ్? అవ్వా... అయ్యో, ఏడ్వకే. నేను తిట్టలే. చెంబు ఇయ్యి, సాలు."

"దవాఖానల గూడ గిట్లనే చెప్పిన్రు కరుణా. నీళ్ళు తాపితే పానం మీదికొస్తదని. వాడు అడుగుతనే ఉన్నడు, అవ్వా, ఒక్క గుక్క, ఒక్క గుక్క అని. నేను వాళ్ళ మాట ఇన్న బిడ్డా. పొయ్యలే."